ఒక పెట్టెలోని బండి, మరొక పెట్టెలోని చక్రాలు

కొత్తవలస వద్ద హౌరా–చెన్నై ప్రధాన మార్గాన్ని విడిచి వాయవ్యంగా మళ్లే రైలుమార్గం లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట చేరుతుంది. బొడ్డవర దాటిన తరువాత కొండలు ఎదురవుతవి. బైలదిలా గనులలోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకై 1960 దశకంలో వేసిన మార్గమిది. ఇందులో 58 సొరంగాలున్నవి. నిడివిలో 60 అడుగులకు 1 అడుగు చొప్పున ఎక్కే వాలు ఉన్నది. శిమిలిగూడ స్టేషను వద్దకు వచ్చేసరికి బండి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఇంత శ్రమపడి కొండ ఎక్కే ఈ మార్గంలో రెండు పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు, అనగా 5 అడుగుల 6 అంగుళాలు. దీనినే మనం బ్రాడ్‌గేజి అంటున్నాము.

శృంగవరపుకోట స్టేషనులో ఆగే ఖనిజపు బండిని చూచి, దానికి ఒక చిన్న నమూనా చేయాలని ఒక విద్యార్థి సంకల్పించినాడని ఊహించండి. కొలతలు తప్పని నమూనా కావలెను. చక్రాలు, ఇరుసులు, పట్టాలు విడిభాగాలుగా పెట్టెలలో అమ్ముడుపోతవి. వీటికే కిట్లని పేరు. అయితే ప్రపంచంలో విరివిగా దొరికే కిట్లు యూరప్, అమెరికా బండ్లవి. వాటి స్కేలు సాధారణంగా 1:87, వాటి పట్టాల ఎడం 16.5 మి.మీ. మన 1676 మి.మీ.లను 87 చేత భాగిస్తే 19.26 మి.మీ. వస్తుంది. తేడా 2.76 మి.మీ. మాత్రమే గదా అనిపించవచ్చును. దానిని తిరిగి 87 చేత గుణించి చూడండి. అసలు బండిలో అది 240 మి.మీ., అనగా జానెడుకు పైగా! అంత ఇరుకైన పట్టాల మీద నిలిపిన బండి శృంగవరపుకోట బండి కాదు.

అప్పుడు ఆ విద్యార్థి ఏమి చేయాలి? ఒక పెట్టెలోని పై భాగాన్ని, మరొక పెట్టెలోని చక్రాలను, మూడవ పెట్టెలోని చిల్లర సామానును కలిపి, ఏ పెట్టెలోను లేని బండిని తయారు చేయాలి. నమూనాలు చేసేవారు ఈ పనిని కిట్‌బాషింగ్ అంటారు. బాదుట అనే అర్థం ఆ పేరులో ఉన్నది గాని, ఇందులో బాదవలసినది ఏమీ లేదు. కొలవవలసినదే చాలా ఉన్నది. 

విడిభాగాలను అతికి బొమ్మను చేయుట మనకు కొత్తది కాదు. కొండపల్లి బొమ్మలో కాళ్లు, చేతులు, తల తెల్లపొణికి కర్రతో వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కాని ఆ చేయి ఆ బొమ్మకే చెక్కినది. పక్కనున్న బొమ్మకు పెడితే కుదరకపోవచ్చును. ఒక బొమ్మ భాగం మరొక బొమ్మకు కుదరాలంటే, రెండింటినీ చేసినవారు ముందుగా ఏదో ఒక కొలతకు కట్టుబడి ఉండాలి.

అటువంటి కట్టుబాటును పిల్లల ఆటవస్తువులలోనికి తెచ్చినవాడు ఇంగ్లండులోని లివర్‌పూల్ నివాసి ఫ్రాంక్ హార్న్‌బీ. 1901లో అతడు రంధ్రాలు గల లోహపు బద్దీలకు పేటెంటు పొందినాడు. 1907లో ఆ ఆటసామానుకు మెకానో అనే పేరు వచ్చినది. ఏ బద్దీ తీసుకొన్నా రంధ్రానికి, రంధ్రానికి మధ్య దూరం అర అంగుళం, అనగా 12.7 మి.మీ. ఇదొక్కటే నియమం. దీనివల్ల మొదటి పెట్టెలోని బద్దీ నాలుగవ పెట్టెలోని చక్రానికి అమరుతుంది. చిన్న పెట్టె కొన్నవారు పెద్ద పెట్టె కొననక్కరలేకుండా, తేడా సామాను మాత్రమే గల ఒక ఉపపెట్టె కొంటే చాలును. మాంచెస్టరులో డగ్లస్ హార్ట్రీ అనే ఆచార్యుడు, ఆర్థర్ పోర్టర్ అనే శిష్యుడు కలిసి 1934లో ఈ మెకానో ముక్కలతోనే, సుమారు 20 పౌన్ల ఖర్చుతో, అవకలన సమీకరణాలను సాధించే యంత్రాన్ని నిర్మించినారు. ఆటవస్తువు గణితశాస్త్రానికి పనికివచ్చినది. దానికి కారణం ఆ అర అంగుళమే.

అయితే మెకానోతో చేసిన రైలింజను ఇంజనులా కనిపించాలనే నియమం లేదు. రంధ్రాలు కనబడుతూనే ఉంటవి. అసలు బండికి అచ్చుగా ఉండే నమూనాలలో మాత్రం కొలత ఒక్కటే చాలదు, స్కేలు కూడ ఒక్కటి కావాలి. అక్కడనే చిక్కులు మొదలైనవి.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇళ్లలో నడిపే బొమ్మ రైళ్లలో ఓ గేజి ప్రసిద్ధమైనది. దాని పట్టాల ఎడం 32 మి.మీ. బ్రిటనులో ఆ బండ్లకు అడుగుకు 7 మి.మీ. చొప్పున కొలత వేసేవారు. అంత పెద్ద బండికి గది చాలదు. కనుక దానిని సగం చేసి అడుగుకు 3.5 మి.మీ. అనుకొన్నారు. అదే 1:87 స్కేలు. ‘ఓ’లో సగం అనే అర్థంతో దానికి హెచ్.ఓ. అని పేరు. యూరప్, అమెరికాలలో పట్టాల ఎడం 1435 మి.మీ. కావున, 87 చేత భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది. లెక్క చక్కగా సరిపోయినది.

బ్రిటనులో మాత్రం సరిపోలేదు. అక్కడి పట్టాల ఎడం కూడ 1435 మి.మీ.లే. కాని ఆ దేశంలో సొరంగాలు, వంతెనలు అందరికన్న ముందుగా కట్టినందున అవి ఇరుకైనవి. వాటిలో నుండి పోవలసిన ఇంజన్లు కూడ సన్ననివి. అటువంటి ఇంజనును 1:87కు కుదిస్తే, ఆనాటి విద్యుత్ మోటారు దాని పొట్టలో పట్టలేదు. మోటారును చిన్నది చేయుట అప్పటికి సాధ్యం కాలేదు. కనుక బండిని పెద్దది చేసినారు. అడుగుకు 4 మి.మీ. చొప్పున, అనగా 1:76.2 స్కేలులో పైభాగాన్ని చేసి, దానిని పాత 16.5 మి.మీ. పట్టాల మీదనే నిలిపినారు. హార్న్‌బీ సంస్థ 1938లో అమ్మకానికి పెట్టిన డబ్లో రైళ్లు ఈ తరగతివే. దీనికి డబుల్ ఓ అని పేరు. నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పట్టాల ఎడం 18.83 మి.మీ. ఉండాలి. ఈ తరగతి బ్రిటీషు నమూనా రైళ్లన్నీ రెండు మిల్లీమీటర్లకు పైగా ఇరుకు పట్టాల మీద నడుస్తున్నవన్నమాట. ఈ లోపం సహించలేనివారు 1960 దశకంలో 18.83 మి.మీ.ల పట్టాలను స్వయంగా వేసుకొనుట ప్రారంభించినారు. తక్కిన లక్షలాది జనం సహించినారు, నేటికీ సహిస్తున్నారు. ఒక స్కేలు బండికి మరొక స్కేలు చక్రాలు తగిలించుట మొదట మోటారు వల్ల వచ్చిన అవసరం. తరువాత అదే ఒక దేశానికి ప్రమాణమై కూర్చున్నది.

విమానాల నమూనాలకు 1:72 స్కేలు స్థిరపడుటకు కారణం వేరు. ఈ స్కేలులో అంగుళం ఆరడుగులతో సమానం. అంగుళాలలో ఆలోచించేవారికి లెక్క సులభం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికా నౌకాదళం అక్కడి పాఠశాలల విద్యార్థులను 5 లక్షల విమాన నమూనాలు చేసి ఇవ్వవలసిందని కోరినది. స్వపక్షపు విమానమేదో శత్రువు విమానమేదో చూడగానే గుర్తుపట్టుటకు సైనికులకు వాటితో శిక్షణ ఇచ్చేవారు. 1:72 నమూనాను 35 అడుగుల దూరాన పెట్టి చూస్తే, అసలు విమానం 2520 అడుగుల దూరాన, అనగా దాదాపు అరమైలు దూరాన ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. స్కేలు తప్పితే దూరం అంచనా తప్పుతుంది. అది తప్పితే గుండు గురి తప్పుతుంది. స్కేలు అనేది అలంకారం కాదని ఆ విద్యార్థులకు ఎవరూ వేరుగా చెప్పవలసిన పని లేకపోయినది.

వేరువేరు పెట్టెల ముక్కలు కలిపేవారు తమ పనిని పరీక్షించుకొనుటకు తేలికైన ఉపాయమొకటి ఉన్నది. నమూనా పక్కన మనిషి బొమ్మను నిలబెట్టి చూడాలి. 1800 మి.మీ. పొడవు గల మనిషి 1:72లో 25 మి.మీ. ఉంటాడు, 1:87లో 20.7 మి.మీ. ఉంటాడు. విమానపు పెట్టెలోని మనిషిని తెచ్చి 1:87 రైలుబండి పక్కన నిలిపితే అతడు 2175 మి.మీ., అనగా ఏడడుగులకు పైబడిన బకాసురుడవుతాడు. నిచ్చెనమెట్లు, తలుపులు, చేతికమ్ములు మనిషి శరీరాన్ని బట్టి ఏర్పడిన వస్తువులు. కనుక వాటిని వేరే స్కేలు పెట్టె నుండి తెస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది. తొట్లు, గొట్టాలు, పెట్టెలు అట్లా కాదు. అవి ఏ పరిమాణంలోనైనా ఉండవచ్చును. 1:72 విమానపు ఇంధనపు తొట్టి 1:87 వాగను క్రింద ఇమిడిపోతే ఎవరూ ప్రశ్నించరు.

ఈ రహస్యాన్ని పూర్తిగా వాడుకొన్నవారు సినిమావాళ్లు. బ్రిటీషు టెలివిజనులో 1965లో వచ్చిన థండర్‌బర్డ్స్‌కు డెరెక్ మెడింగ్స్, 1977లో వచ్చిన స్టార్ వార్స్‌కు అమెరికాలోని నమూనాకారులు యుద్ధ ట్యాంకులు, ఓడలు మొదలైన కిట్లను వందలకొద్దీ కొని, విప్పి, వాటి ముక్కలను అంతరిక్ష నౌకల మీద అతికినారు. అసలు నౌక ఎక్కడా లేదు కనుక స్కేలు తప్పిందనే మాటే రాదు. సన్ననైన వివరాలు ఎన్ని ఎక్కువగా కనిపిస్తే వస్తువు అంత పెద్దదని కన్ను భ్రమిస్తుంది. ఇది ఘనమైన విద్యే. అయితే శృంగవరపుకోట స్టేషనులో రోజూ కళ్లెదుట నిలబడే బండిని చేయదలచినవానికి ఆ స్వేచ్ఛ లేదు.

తిరిగి మన విద్యార్థి వద్దకు వద్దాము. అతడు 1:87ను పట్టుకొని కూర్చొనవలసిన అవసరమేమిటి? దుకాణంలో దొరికే పట్టాల ఎడం 16.5 మి.మీ. దానిని మార్చలేకపోతే స్కేలునే మార్చవచ్చును గదా! 1676ను 16.5 చేత భాగిస్తే 101.6 వస్తుంది. ఈ సంఖ్య ఎక్కడి నుండో ఊడిపడినది కాదు. ఒక అడుగు 304.8 మి.మీ. దానిని 3 చేత భాగించినా వచ్చేది 101.6. అనగా అడుగుకు 3 మి.మీ. చొప్పున కొలత వేస్తే, మన అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజి సరిగా 16.5 మి.మీ. అవుతుంది. నోటిలెక్కగా చేసి చూచుకోవచ్చును: అయిదున్నర మూళ్లు పదహారున్నర.

అడుగుకు 3 మి.మీ.ల స్కేలు కల్పితం కూడ కాదు. బ్రిటనులో ట్రయాంగ్ సంస్థ 1957లో టి.టి. పేరుతో ఈ స్కేలులోనే రైళ్లను అమ్మినది. అక్కడి పట్టాలకు 12 మి.మీ. ఎడం వాడినారు. పాఠకులు ఒక్క సంగతి గమనించవలెను: యూరపులో టి.టి. అంటే 1:120. పెట్టె మీద అక్షరాలు ఒక్కటైనంత మాత్రాన లోపలి స్కేలు ఒక్కటి కాదు.

ఇప్పుడు చక్రాల సంగతి చూడాలి. మన గూడ్సు బండ్లలో విరివిగా కనిపించే బాక్స్‌ఎన్ రకం వాగనుకు కొత్త చక్రం వ్యాసం 1000 మి.మీ. దాని క్రింది కాస్నబ్ బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2000 మి.మీ. వీటిని 101.6 చేత భాగిస్తే 9.84 మి.మీ., 19.69 మి.మీ. వస్తవి. అమెరికాలో 70 టన్నుల తరగతి వాగను బోగీకి చక్రం వ్యాసం 33 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 5 అడుగుల 8 అంగుళాలు. ఆ బోగీ 1:87 కిట్టులో 9.6 మి.మీ. చక్రాలతో, 19.8 మి.మీ. ఎడంతో వస్తుంది. తేడా పావు మిల్లీమీటరుకు లోపే! కాస్నబ్ బోగీ కూడ అమెరికా పద్ధతిలో మూడు పోత ఉక్కు దిమ్మలతో కూర్చినదే కనుక, రూపం కూడ దగ్గరగా కుదురుతుంది. పట్టాలు, చక్రాలు, ఇరుసులు మూడూ ఒక్కసారే సరిపోవుట ఆశ్చర్యం కలిగించవచ్చును. అమెరికా కొలతలకన్న మన కొలతలు ఈ మూడింటిలోను సుమారు ఆరవ వంతు పెద్దవి. 87కు 101.6 కూడ సుమారు ఆరవ వంతు పెద్దది. అంతే.

వాగను పైభాగం మాత్రం ఏ పెట్టెలోను దొరకదని చెప్పవచ్చును. 1:87 అమెరికా వాగను ఈ స్కేలులో మరీ వెడల్పు అవుతుంది. 3 మి.మీ. స్కేలులోని బ్రిటీషు వాగను మరీ చిన్నది. బాక్స్‌ఎన్ తొట్టి పొడవు 9784 మి.మీ., వెడల్పు 3200 మి.మీ. అనగా నమూనాలో 96.3 మి.మీ. పొడవు, 31.5 మి.మీ. వెడల్పు గల తొట్టిని పాలిస్టిరీను రేకును కోసి స్వయంగా చేసుకోవలెను. ఎన్ని పెట్టెలు విప్పినా ఒక భాగం చేతితో చేయక తప్పదు. పాలిస్టిరీను ముక్కలను వాటికి ప్రత్యేకించిన ద్రావకంతో అతికితే, ద్రావకం రెండు అంచులనూ కరిగించి ఒక్కటి చేస్తుంది. లోహపు ముక్కను ప్లాస్టిక్కుకు ఆ ద్రావకం అతకదు. దానికి వేరే జిగురు కావాలి. అతికిన తరువాత అంతటికీ ఒకే బూడిదరంగు పూత వేసి చూస్తే, వేరువేరు పెట్టెల రంగులు మాసిపోయి, సందులు, గీతలు ఏమైనా మిగిలితే బయటపడుతవి. ఒక్క విషయంలో మాత్రం స్కేలు మాట వినదు. ఖాళీ వాగను బరువు సుమారు 22½ టన్నులు. బరువు ఘనపరిమాణాన్ని బట్టి మారుతుంది కనుక 101.6ను మూడుసార్లు గుణించి భాగించాలి. నమూనా బరువు 21 గ్రాములే రావాలి. అంత తేలిక బండి వంపులలో పట్టా తప్పుతుంది. అందుచేత నమూనాకారులు అడుగున సీసపు ముక్క దాచి పెడతారు. ఇది తెలిసి చేసే తప్పు.

ఇదే లెక్కను శ్రీకాకుళం జిల్లాలోని నౌపడకు తీసుకుపోతే కథ తిరగబడుతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుండి పర్లాకిమిడి వరకు నడిచినది. 1931 నాటికి గుణుపురం చేరినది. దాని పట్టాల ఎడం 762 మి.మీ., అనగా రెండున్నర అడుగులు. 2004లో ఆ నారోగేజి బండి ఆగిపోయినది. పట్టాలు వెడల్పు చేసి 2011లో బ్రాడ్‌గేజి బండ్లను నడిపినారు. నూరేళ్లు పర్లాకిమిడి సంతకు, కోర్టుకు, పెళ్లిళ్లకు జనాన్ని మోసిన ఆ చిన్న బండి ఇక తిరిగి రాదు. దానికి మిగిలే రూపం ఫోటోలు, నమూనాలే.

నారోగేజి బండి నమూనాకు తగిన చక్రాలను సమకూర్చినవారు వేరే ఉద్దేశంతో చేసినారు. 1960 దశకం తొలి ఏండ్లలో జర్మనీలోని ఆర్నోల్డ్ సంస్థ 9 మి.మీ. పట్టాల మీద 1:160 స్కేలు బండ్లను ప్రవేశపెట్టినది. చిన్న గదిలో పెద్ద రైలు నడపాలన్నదే వారి ఆశయం. కాని 9ని 87 చేత గుణిస్తే 783 మి.మీ. వస్తుంది. అది 762కు ఎంతో దూరం కాదు. కనుక 1:160 బండి అడుగుభాగం మీద 1:87 పైభాగాన్ని పెడితే పెద్దబండి చక్రాలు చిన్నబండి చక్రాలవుతవి. 1:160లో 7.8 మి.మీ. గల చక్రం అసలులో 1250 మి.మీ.ల పెద్ద చక్రం. అదే చక్రాన్ని 1:87గా చదివితే 680 మి.మీ.ల చిన్న చక్రం. ముక్క మారలేదు. చదివే స్కేలు మారినది. ఈ సంగతి కనిపెట్టి జర్మనీలో ఎగ్గర్-బాన్ అనే సంస్థ 1963 నుండి కొన్ని ఏండ్లు ఇటువంటి బండ్లను తయారుచేసి అమ్మినది కూడ.

నౌపడలో అసలు చిక్కు ఏమంటే, అక్కడ రెండు బండ్లూ ఒకే స్టేషనులో నిలిచేవి. ఒకవైపు హౌరా–చెన్నై బ్రాడ్‌గేజి, మరొకవైపు గుణుపురం నారోగేజి. ఆ స్టేషనుకు నమూనా చేయదలిస్తే 1:87లో చిన్నబండి సరిపోతుంది, పెద్దబండి సరిపోదు. 1:101.6లో పెద్దబండి సరిపోతుంది, చిన్నబండికి 7.5 మి.మీ. పట్టాలు కావాలి, 9 మి.మీ. పట్టాల మీద నిలిపితే అది మూడడుగుల గేజి అయిపోతుంది. ఒకే బల్ల మీద రెండింటినీ దుకాణపు పట్టాలతో నిజంగా చూపుట సాధ్యం కాదు. ఒక దానిని చేతితో వేసుకోవాలి. ఇటువంటప్పుడు 1:87ను ఎన్నుకొనుటే మేలు. చిన్నబండికి 9 మి.మీ. పట్టాలు కొనుక్కొని, పెద్దబండికి 19.26 మి.మీ. పట్టాలు స్వయంగా వేసి, 1:87 చక్రాలను పొడుగు ఇరుసులకు మార్చుకోవచ్చును. పెద్దబండిని ఈనాటికీ స్టేషనుకు పోయి టేపుతో కొలుచుకోవచ్చును. పోయినది చిన్నబండి. కనుక అందులో తప్పు తక్కువగా ఉండాలి.

ఆ చిన్నబండి కొలతలు లేనిచోట ఫోటో సహాయపడుతుంది. ఇంజనుకు సూటిగా ఎదురుగా నిలబడి తీసిన ఫోటోలో, ముందు బఫరుదూలం సరిగా క్రిందనున్న చోట రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని స్కేలుబద్దతో కొలవాలి. అది 15 మి.మీ. ఉన్నదనుకోండి. అసలు దూరం 762 మి.మీ. అని తెలుసు. కనుక ఫోటోలో ఒక మిల్లీమీటరు 50.8 మి.మీ.లతో సమానం. అదే ఫోటోలో బఫరుదూలం వెడల్పు 42 మి.మీ. వస్తే అసలు వెడల్పు 2134 మి.మీ. అవుతుంది, 1:87 నమూనాలో 24.5 మి.మీ. చేయవలెను. ఇంజను వెనుక భాగాలు కెమెరాకు దూరంగా ఉండి చిన్నవిగా కనిపిస్తవి గనుక వాటిని ఈ లెక్కతో కొలవరాదు. పక్కనుండి తీసిన ఫోటోలో పట్టాల ఎడం కనిపించదు. అప్పుడు చక్రం వ్యాసం వంటి తెలిసిన మరొక కొలత కావాలి. టెక్కలి, పర్లాకిమిడి ప్రాంతాల ఇళ్లలో 2004కు ముందు బండి ఎదుట నిలబడి తీయించుకొన్న ఫోటోలు ఉంటే, అందులోని మనుషులు ఎవరైనా సరే, వారి పాదాల పక్కన రెండు పట్టాలూ పడినవో లేదో ముందు చూడాలి.